మూడో పిలుపు

నా భర్త పోయిన రెండో ఏడు, మిర్చి కోతలు చివరికొచ్చిన రోజుల్లో, ఆయన మాటలు నా కంప్యూటర్ తెర మీద ఎర్రగా వరుస కట్టాయి. 'జర ఆగు' అంటే ఏమిటో నాకు తెలియదు. 'ఎవలున్నరు' ఇచ్చింది ఇందులో పట్టదు. 'పలుకుతలేదు' దగ్గర పెట్టిన షరతు ఎప్పటికీ నిజం కాదు. ఒక్కో వరుసలో ముందు మాట ఆయనది, మిగతా సణుగుడు కంపైలర్‌ది. కంపైలర్ ఇంగ్లీషులో సణుగుతుంది. ఆయన పెట్టిన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నా మా మాటలే.

కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును చదివి, యంత్రం నడపగలిగే రూపంలో కట్టి ఇచ్చే సాధనం. నచ్చకపోతే కట్టనంటుంది. ఎక్కడ నచ్చలేదో వరుసగా చెబుతుంది. ఆ వరుసలు చదివి సరిచేయడమే నా బతుకుతెరువు. నాకు ఓపిక తక్కువ. అది నన్ను సణిగితే నేను దాన్ని పైకే తిడతాను. జనగామలో మేం అద్దెకున్న పై అంతస్తు గదిలో కొత్తగా దిగినప్పుడు, కింద ఉండే ఇంటామె రెండు మూడు సార్లు మెట్లెక్కి వచ్చి, మొగుడూ పెళ్లాల కొట్లాట అనుకుని తిరిగి వెళ్లిపోయింది. ఆయన పోయాక కూడా తిట్లు ఆగలేదు. ఆమె మాత్రం రావడం మానేసింది.

ఆ వారం మొదట్లో ఫోన్ వచ్చింది. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అంటాం. దాని శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. అక్కడ యంత్రాలు చూసుకునే భాయ్ ఫోన్ చేశాడు.

"అక్కా, పాత కంప్యూటర్ ఖతమైంది. కొత్త డబ్బా తెచ్చినం, గింతే ఉన్నది, అరచేతిల పడ్తది. అన్న రాసింది దాంట్ల ఎక్కుతలేదు. మిషన్లు చేత్తోనే నడిపిస్తున్నం, సంచులు వస్తనే ఉన్నయ్. మస్తు పరేషాన్‌గున్నది."

ఆ స్టోరేజీలో ఒక్కో గదిలో మిర్చి సంచుల మధ్య తీగలు వేలాడుతుంటాయి. తీగ చివర చలిని కొలిచే చిన్న ముక్క. కంప్యూటర్ ఒక్కో తీగను వరుసగా "నీ దగ్గర చలి ఎంత?" అని అడుగుతుంది. వచ్చిన జవాబును బట్టి చల్లబరిచే యంత్రాలు నడుస్తాయి. ఆ అడగడం, వినడం చేసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. దాన్ని నా భర్త చాలా ఏళ్ల కిందట, పాత కంప్యూటర్ కోసం రాశాడు. చలి తగ్గితే మిర్చికి బూజు, మరీ ఎక్కువైతే చెమ్మ పట్టి నల్లబడుతుంది. రెండో గదిలో మా అత్తమ్మ సంచులున్నాయి. తండాలో ఆమెకున్న కొద్దిపాటి చెలకలో ఏడాదంతా కష్టపడి తీసిన పంట మొత్తం అదే.

కాబట్టి డ్రైవర్ కట్టి తీరాలి. కానీ నా భయం వేరే. ఆయన గొంతు నా దగ్గర లేదు. ఫోన్ పాడైనప్పుడు దానితోనే పోయింది. ఫొటోల్లో మనిషి నవ్వుతాడు గానీ మాట్లాడడు. ఆయన ఇంకా మాట్లాడుతున్న చోటు ఆ డ్రైవర్ ఒక్కటే. అందులో ఒక్క వరుస మార్చినా ఆయనను కొంచెం చెరిపేసినట్టే అనిపించేది. భాయ్‌కి ఈ మాట ఎలా చెబుతాను? "రెండు రోజులు ఆగండి" అన్నాను.

ఆ పేర్ల వెనక కథ ఉంది. హైదరాబాద్‌లో ఇద్దరం ఒకే ఆఫీసులో చేసేవాళ్లం. ఆయన నోరు తెరిస్తే చాలు, మా పై అధికారి సినిమాల్లో హాస్యానికి పెట్టే పాత్ర గొంతుతో "ఏంది? ఎట్ల?" అని వెక్కిరించేవాడు. అందరూ నవ్వేవారు. ఈయనా నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఇంటికొచ్చాక నేనే అందరి తరఫునా తిట్టేదాన్ని. ఆఫీసు పనిలో ఆయన బుద్ధిగా ఇంగ్లీషు పేర్లే పెట్టేవాడు. సొంతంగా రాసిన ఈ డ్రైవర్‌లో మాత్రం అడిగే చోట 'ఎవలున్నరు' అని, ఆగే చోట 'జర ఆగు' అని, జవాబు రాని చోట 'పలుకుతలేదు' అని పెట్టాడు. "ఇది నా ఇల్లు. నా ఇంట్ల నా మాటే ఉంటది" అన్నాడు. నిజానికి ఆయన ఇంటి భాష తెలుగు కూడా కాదు. తండాలో వాళ్లు మాట్లాడుకునే భాష వేరు, అది నాకు రాదు. నేను చదవాలి కాబట్టి తెలుగులో పెట్టాడు.

మొదటి రోజు తేలిగ్గానే గడిచింది. 'జర ఆగు' లోపల ఆయన వాడిన పాత సౌకర్యాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు ఎప్పుడో తీసేశారు. కొత్తది పెట్టాను. పేరు ముట్టుకోలేదు. 'ఎవలున్నరు' ఇచ్చే చిరునామా పాత కంప్యూటర్‌లో చిన్నది, కొత్త దాంట్లో పెద్దది. పాత గిన్నెలో పట్టడం లేదు. గిన్నె మార్చాను, పేరు ఉంచాను. ఎర్ర వరుసలు ఒక్కొక్కటే తగ్గుతుంటే సంతోషించాల్సింది పోయి నాకు దిగులు పట్టుకుంది. తప్పులు అయిపోతే ఆయన మాటలూ తెర మీదికి రావు కదా.

మధ్యలో ఒకచోట నవ్వొచ్చింది. ఆయన ప్రతి తీగనూ మూడుసార్లు అడుగుతాడు. మొదటి రెండు జవాబులను విని పారేస్తాడు, మూడోదే తీసుకుంటాడు. రాసిన రోజునే దీని మీద మాకు గొడవైంది.

"చదువుకున్నోనివి, డ్రైవర్ల గుడ దయ్యాలకు భయపడ్తవా?" అన్నాను.

"మా అవ్వ, నీ అత్తమ్మ, చెప్పింది రాసిన. ఒక్కపారే పిలిస్తే అది దయ్యం, పలకొద్దు, మూడోపారికే పలకాలె. తీగ గుడ అంతే. చలిల నిద్రలేచి మొదట ఏదో ఒకటి కూస్తది. మూడో మాటనే అస్సలుది."

కొట్లాడాను గానీ, ఆయన మాట నిజమే. అలాంటి తీగలు మొదటి జవాబు తప్పుగా ఇవ్వడం మామూలే. ఆ వరుసలను అలాగే ఉంచాను.

రెండో రోజుకు ఇక మిగిలింది చివరి ఎర్ర వరుస. 'పలుకుతలేదు' దగ్గర పెట్టిన షరతు ఎప్పటికీ నిజం కాదు. తీగ నుంచి జవాబు రాకపోతే ఆయన దాన్ని సున్నా కన్నా తక్కువ అంకెగా, మైనస్ ఒకటిగా గుర్తు పెట్టుకున్నాడు. అంకె సున్నా కన్నా తక్కువైతే 'పలుకుతలేదు' అని రాసి, ఆ తీగను వదిలి తర్వాతిదాని దగ్గరికి పోవాలి. పాత కంప్యూటర్‌లో ఆ అంకె ఉండే చిన్న గడిలో సున్నా కన్నా తక్కువ కూడా పడుతుంది. కొత్త డబ్బాలో ఆ గడికి సున్నా కన్నా తక్కువ అనేదే లేదు. ఎక్కడ ఏది పడుతుందో ముందే చెప్పకుండా, అన్ని యంత్రాలూ నా యంత్రంలాంటివేనని అనుకుంటే వచ్చే తప్పు ఇది. ఒక్క మాట చేర్చితే సరిపోతుంది. ఆ గడిలో సున్నా కన్నా తక్కువ కూడా ఉండొచ్చని చెప్పే మాట. టైపు చేయడానికి రెప్పపాటు పట్టదు.

నాకు ఆ వరుస ముట్టుకోబుద్ధి కాలేదు. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. బస్టాండు వైపు నుంచి కండక్టర్ల కేకలు కూడా ఆగిపోయిన వేళ. అప్పుడే మెట్ల మీద నుంచి పిలుపు వినిపించింది.

"ఇగో, ఇన్నవా?"

ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. అలాగే పిలిచేవాడు. పోయినప్పటి నుంచి చాలా మధ్యాహ్నాలు అలాగే వినిపిస్తుంది, ఒకే ఒక్కసారి. నేను ఎప్పటిలాగే "ఆఁ, వస్తున్న" అన్నాను. తలుపు తీశాను. మెట్ల మీద ఎండ తప్ప ఏమీ లేదు.

వెనక్కి తిరిగితే అత్తమ్మ నన్నే చూస్తోంది. కళ్లకు మందు వేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చి ఆ వారం ఉండిపోయింది. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఎవలకు పలికినవ్ బిడ్డా?"

"ఎవరికీ పలకలేదు అత్తమ్మా."

"నాకు అబద్ధం చెప్పకు. మొదటి పిలుపుకే పలుకుతున్నవ్. పలకొద్దు. మనిషైతె మల్ల పిలుస్తడు, ఇంకోపారి పిలుస్తడు. ఒక్కపారే పిలిచేటోళ్లు వేరే."

"మీ కొడుకే కదా అత్తమ్మా. భయమెందుకు?"

"భయం నాకు కాదు బిడ్డా. నువ్వు పలుకుతుంటే వాడు ఎట్ల పోతడు?" అంది.

నాకు కోపమొచ్చింది. పెద్దావిడని కూడా చూడకుండా విసురుగా వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చిన్న అనుమానమొచ్చినా కట్టొద్దని కంపైలర్‌ను ఆదేశించే మాట ఒకటి ఆయనే పెట్టాడు. ఆ మాట తీసేశాను. అంటే కంపైలర్‌ను నోరు మూసుకోమన్నాను. మళ్లీ కట్టమన్నాను. మారు మాట్లాడకుండా కట్టేసింది. ఆ వరుస ఆయన రాసినట్టే ఉండిపోయింది.

మర్నాడు నేనూ అత్తమ్మా రైలెక్కాం. కాజీపేటలో రైలు మారి మానుకోట చేరేదాకా ల్యాప్‌టాప్ సంచిని ఒళ్లోంచి దించలేదు. అత్తమ్మ కిటికీలోంచి మిర్చి చేన్లు చూస్తూ, ఎవరి చేను బాగా కాసిందో ఎవరిది ఎండిందో తనలో తనే తీర్పులు చెప్పుకుంది. నిన్నటి మాట ఎత్తలేదు. స్టేషన్ బయట ఆమె తండా వైపు ఆటో ఎక్కింది, నేను స్టోరేజీకి వెళ్లాను.

స్టోరేజీ ముందు ట్రాలీల వరుస. మండే ఎండలో హమాలీలు ఉన్ని టోపీలు పెట్టుకుని సంచులు మోస్తున్నారు. తలుపు దాటితే ఎముకలు కొరికే చలి. బయటికి వస్తే తుమ్ములు. భాయ్ నాకు ఒక పాత స్వెట్టర్ ఇచ్చాడు. అది కూడా కారం వాసనే.

చలి గదుల మధ్య నడవలో కొత్త డబ్బాకు తీగలన్నీ కలిపి, కట్టి తెచ్చిన డ్రైవర్ ఎక్కించాను. తెర మీద గదులన్నిటి చలీ వరుసగా వచ్చింది. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. భాయ్ మొహం వెలిగిపోయింది.

"అయిపాయె అక్కా! జర కూసో, చాయ్ చెప్పిన."

కూర్చున్నాను గానీ మనసు కుదురుగా లేదు. భూపాలపల్లిలో మా నాయిన బొగ్గు బాయిలో పనిచేసేవాడు. లోపలికి దిగాక పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు వినేవారట. డొల్ల చప్పుడు వస్తే అడుగు ముందుకు వేయరు. "చూస్తె మంచిగనే ఉంటది బిడ్డా. కొట్టి ఇనాలె" అనేవాడు. ఆయన డ్యూటీ దిగి సైకిల్ బెల్లు కొట్టేదాకా మా అమ్మ ముద్ద ముట్టేది కాదు. ఆ ఇంట్లో పెరిగిన నేను ఇక్కడ కొట్టి వినకుండా చాయ్ తాగబోతున్నాను.

"భాయ్, రెండో గదిలో ఒక తీగ పీకేయండి" అన్నాను.

అతను వింతగా చూసి లోపలికి వెళ్లాడు. నేను తెర చూస్తూ కూర్చున్నాను. రెండో గదిలో ఒక అంకె మారింది. రెండు వందల యాభై ఐదు. పక్క గదిలో యంత్రం గొంతు పెంచింది. రెండో గది మండిపోతోందనుకుని ఇంకా చలి పెంచుతోంది. భాయ్ తీగ చివర పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి, తెర చూసి నిలబడిపోయాడు.

"తీగ నా చేతిలనే ఉన్నది అక్కా. మరి అండ్లకెంచి ఎవలు పలుకుతున్నరు?"

ఎవరూ పలకడం లేదు. ఆ కొత్త డబ్బాకు సున్నా కన్నా తక్కువ తెలియదు కాబట్టి, మైనస్ ఒకటి అన్నదాన్ని రెండు వందల యాభై ఐదుగా చదువుకుంది. నిశ్శబ్దాన్ని జవాబు అనుకుంది. ఇలా వదిలేసి వెళ్తే, ఒక ఎలుక ఒక తీగ కొరికిన రోజున, ఆ లేని జవాబును నమ్మి యంత్రం అత్తమ్మ సంచులను గడ్డకట్టిస్తుంది. కంపైలర్ ఈ సంగతి ముందే చెప్పింది. నేనే దాని నోరు మూయించాను.

నేను కూడా రెండేళ్లుగా ఇదే చేస్తున్నానని అక్కడ, ఆ చలిలో, నాకు తెలిసింది. పలకని మనిషి పలికాడని వింటున్నాను. విని జవాబు చెబుతున్నాను.

ఆయనకు జ్వరం ముదిరి దవాఖానలో ఉన్న చివరి పొద్దు, చెవి దగ్గర వంగి పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. మూడోసారి పిలిచాను. అప్పుడు డాక్టర్ వచ్చి నా భుజం మీద చేయి వేసింది. ఆ నిశ్శబ్దాన్ని నేను ఆ రోజు తీసుకోలేదు. తీసుకోవడానికి నాలో చోటు లేదు.

సంచుల పక్కన ఒక స్టూలు లాక్కుని ల్యాప్‌టాప్ తెరిచాను. ముందు ఆయన పెట్టిన కఠినమైన ఆదేశాన్ని మళ్లీ పెట్టాను. ఎర్ర వరుస తిరిగి వచ్చింది. 'పలుకుతలేదు' దగ్గర పెట్టిన షరతు ఎప్పటికీ నిజం కాదు. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఆయన వరుసలో ఆ ఒక్క మాట చేర్చాను. మిగతాది ఆయన రాసినట్టే ఉంది. ఏదో చెరిగిపోతుందని అంత భయపడ్డాను గానీ ఏమీ చెరగలేదు. కంపైలర్ ఒక్క మాట కూడా అనకుండా కట్టింది. ఈసారి నేను నోరు మూయించినందుకు కాదు.

డ్రైవర్ మళ్లీ ఎక్కించాను. తీగ ఇంకా భాయ్ చేతిలోనే ఉంది. ఇద్దరం తెర వైపే చూస్తున్నాం. ఒకసారి అడిగింది, ఆగింది. మళ్లీ అడిగింది, ఆగింది. మూడోసారి అడిగింది. రెండో గది కింద ఆ తీగ ఎదురుగా ఒక మాట పడింది.

పలుకుతలేదు.

ఆ వెంటనే పక్క తీగను అడగడానికి వెళ్లిపోయింది. యంత్రం గొంతు తగ్గింది.

"గిదీ అన్న పని!" అన్నాడు భాయ్. తర్వాత నా మొహం చూసి, చాయ్ ఎందుకు రాలేదో కనుక్కుంటానని బయటికి పోయాడు. పాపం, అతనికి ఆడవాళ్ల ఏడుపు ముందు ఎలా నిలబడాలో తెలియదు.

తండా చేరేసరికి పొద్దు కుంకింది. అత్తమ్మకు మిర్చి భద్రమని చెప్పాను. "తిన్నవా?" అని మాత్రం అడిగింది. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం రేకుల షెడ్డు నీడలో కూర్చుని ఇంటికోసం ఉంచుకున్న మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. మొన్న ఆమె మీద విసురుకున్నది గుర్తొచ్చి నాకు సిగ్గుగా ఉంది. ఆమె అదేం పట్టించుకోకుండా, నా వేళ్లు చూసి, "గట్ల కాదు, కొస పట్టి తుంచు, లేకుంటె సగం కాయ పోతది" అని సతాయిస్తోంది. చుట్టూ ఇళ్లలో అలికిడి లేదు. అందరూ చేన్లలో ఉన్నారు.

అప్పుడే, షెడ్డు వెనక నుంచి.

"ఇగో, ఇన్నవా?"

నా నోటి దాకా వచ్చింది 'ఆఁ' అనే మాట. పళ్లు బిగించి ఆపుకున్నాను. తలెత్తలేదు. రెండో పిలుపు కోసం చూస్తూ కాయ పట్టుకున్న వేళ్లను అలాగే ఉంచాను.

కాసేపటికి గమనించాను. నా ఎదురుగా అత్తమ్మ చేతులు కూడా ఆగిపోయి ఉన్నాయి. సగం తుంచిన కాయ ఆమె వేళ్ల మధ్య అలాగే ఉంది. మెడ కొంచెం పక్కకు వంచి ఆమె కూడా వింటోంది. రెండేళ్లుగా ఆమె కూడా వింటూనే ఉంది. ఆమెను ఆయన ఏమని పిలుస్తాడో, వాళ్ల భాషలో ఏ మాటతో పిలుస్తాడో నేనెప్పుడూ అడగలేదు. కొడుకు పిలుస్తుంటే అన్ని మధ్యాహ్నాలూ పలకకుండా కూర్చుంది ఆ తల్లి.

ఇద్దరం అలాగే ఉన్నాం. రెండో పిలుపు రాలేదు. మూడోదీ రాలేదు.

అత్తమ్మ చేతిలోని కాయ తొడిమ తుంచి చాటలో వేసింది. ఇంకోటి అందుకుంది. నేనూ అందుకున్నాను. నాకు కళ్లు మసకబారి కాయలు కనిపించడం లేదు. చేయి పైకెత్తబోయాను.

"కండ్లు తుడుచుకోకు బిడ్డా" అంది ఆమె, తన చెంపల మీద కారుతున్న నీళ్లను కూడా అలాగే వదిలేసి. "చేతులకు కారమున్నది."